ముట్లు ఆగే వయసులో ఆవిర్లు, అరికాళ్ళ మంటలు: రెండింటికీ మందు ఒకటి కాదు

(దృశ్యం: మార్గశిర మాసం, తెల్లవారుజాము. ఒంగోలులో ఒక ఇల్లు. అందరూ దుప్పట్లు ముసుగు తన్ని పడుకొని ఉండగా, నలభై ఎనిమిదేళ్ళ గృహిణి ఒక్కరే లేచి కూర్చొని కొంగుతో మెడ తుడుచుకుంటూ ఉంటారు.)

వ్యాఖ్యాత: నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నలభై అయిదు దాటిన ఆడవాళ్ళ నోట తరచుగా వినిపించే బాధలు రెండు. ఉన్నట్టుండి ఛాతీలో పుట్టి మెడ మీదుగా ముఖానికి ఎగదన్నే ఆవిరి, దాని వెంట చెమట, గుండెదడ, నిద్రలేమి ఒకటి. అరికాళ్ళ మంట, చేతివేళ్ళ తిమ్మిరి, సూదులతో పొడిచినట్టుండే నొప్పి రెండవది. రెండూ ఇంచుమించు ఒకే వయసులో మొదలవుతాయి కాబట్టి, ఇంట్లోవాళ్ళు రెండింటినీ ముట్లు ఆగే వయసు ఖాతాలోనే వేసి ఊరుకుంటారు. మొదటి బాధకు హార్మోన్లు చక్కగా పనిచేస్తాయి. రెండవదానికి కారణం చాలావరకు వేరే చోట ఉంటుంది. దాన్ని వెతకకుండా ఏళ్ళు గడిపితే నరాలు కోలుకోలేనంతగా దెబ్బతినవచ్చు.

వరుసగా పన్నెండు నెలలు ముట్టు రాకపోతే దాన్ని మెనోపాజ్ అంటారు. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్ళకు, పాశ్చాత్య దేశాల్లో 51 ఏళ్ళ ప్రాంతంలో వస్తుంది. అండాశయాలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను తయారుచేయడం తగ్గించినప్పుడు, ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే మెదడు భాగం అతి సున్నితంగా మారి, ఉష్ణోగ్రత రవ్వంత పెరిగినా ఒళ్ళు కాగిపోతోందని భావించి, చర్మంలోని రక్తనాళాలను విప్పి చెమట పట్టిస్తుంది. అందుకే ఈ ఆవిర్లు రోహిణి కార్తె ఎండల్లోనే కాక చలికాలంలోనూ వస్తాయి, కొద్ది నిమిషాలకు వాటంతటవే తగ్గుతాయి. అయితే రాత్రి చెమటలతో పాటు సాయంత్రం జ్వరం, దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష, గుండెదడతో పాటు చేతులు వణుకుతుంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోవాలి.

(దృశ్యం: ట్రంకుపెట్టెలో నుంచి పాత ఆసుపత్రి కాగితాలు తీస్తున్న చేతులు.)

ఆవిర్లకు ఇప్పటివరకు ఉన్న మందుల్లో ఈస్ట్రోజనే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. గర్భసంచి ఉన్నవారు దానితో పాటు ప్రొజెస్టరాన్ అనే మరో హార్మోన్ కూడా తప్పక వాడాలి, లేకపోతే గర్భసంచి లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం ఉంది. గర్భసంచి తీయించుకున్నవారికి సాధారణంగా ఈస్ట్రోజన్ ఒక్కటే సరిపోతుంది. ఈ మాట మన రాష్ట్రంలో నొక్కి చెప్పాలి, ఎందుకంటే గర్భసంచి తొలగింపు ఆపరేషన్లలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. వాళ్ళలో చాలామందికి అండాశయాలు కూడా తీశారో లేదో తెలియదు. రెండు అండాశయాలూ తీసేస్తే ఆ రోజు నుంచే మెనోపాజ్ మొదలవుతుంది, ఆవిర్లు తీవ్రంగా ఉంటాయి, ఎముకలు త్వరగా గుల్లబారతాయి. ఆనాటి డిశ్చార్జి కాగితం ఇంట్లో ఎక్కడ ఉన్నా వెతికి డాక్టరుకు చూపించండి.

హార్మోన్లంటే రొమ్ము క్యాన్సర్ అన్న భయం ఎక్కువగా అమెరికాలో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడడంతో వచ్చింది. ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ (ప్రొజెస్టరాన్‌లా పనిచేసే మందు) కలిపి వాడినవారిలో ఏడాదికి 10,000 మందికి సుమారు ఎనిమిది రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. ఆ స్త్రీల సగటు వయసు 63 అన్న సంగతి, గర్భసంచి లేక ఈస్ట్రోజన్ ఒక్కటే వాడినవారిలో ఆ పెరుగుదల కనిపించలేదన్న సంగతి జనంలోకి అంతగా వెళ్ళలేదు. అరవై ఏళ్ళ లోపు, లేదా ముట్లు ఆగిన పదేళ్ళ లోపు మొదలుపెడితే ఆరోగ్యంగా ఉన్న చాలామందికి నష్టం కన్నా మేలే ఎక్కువని నేటి వైద్యుల అభిప్రాయం. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, కాళ్ళలో రక్తం గడ్డకట్టడం, కాలేయ వ్యాధి ఉన్నవారు మాత్రం వీటిని వాడకూడదు. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజన్ జెల్‌తో రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రల కన్నా తక్కువ. యోనిలో పొడిబారడం, మూత్రంలో మంట మాత్రమే ఉంటే లోపల రాసే ఈస్ట్రోజన్ క్రీము చాలు. సిగ్గుపడి ఈ బాధను దాచుకునేవారు ఎందరో ఉన్నారు, దాచుకోవలసిన అవసరమే లేదు.

(దృశ్యం: దగ్గరగా, కుడి అరచెయ్యి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు ఎర్ర రంగులో వెలుగుతాయి.)

ఇక నరాల సంగతి. పొగాకు గ్రేడింగ్ చేసేవాళ్ళు, రొయ్యల తలలు తీసేవాళ్ళు రాత్రి నిద్రలో ఈ మూడు వేళ్ళూ మొద్దుబారి లేస్తారు, చెయ్యి విదిలిస్తే కాస్త నయమవుతుంది. మణికట్టు దగ్గర ఇరుకైన దారిలో నరం నొక్కుకుపోవడం వల్ల వచ్చే కార్పల్ టన్నెల్ అనే జబ్బు ఇది. రాత్రిళ్ళు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడమే మొదటి వైద్యం. బొటనవేలి కింది కండ సన్నబడిందంటే ఆలస్యమైందని అర్థం.

రెండు అరికాళ్ళూ సమానంగా మండుతుంటే ముందు చక్కెర వ్యాధి, ఆ తర్వాత బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ చూడాలి. మాంసం, చేపలు, గుడ్లు ముట్టనివారికి, మెట్‌ఫార్మిన్ అనే చక్కెర వ్యాధి మాత్ర ఏళ్ళ తరబడి వాడేవారికి బీ12 తగ్గిపోయే అవకాశం ఎక్కువ. ఇవన్నీ మామూలు రక్త పరీక్షల్లో తేలిపోతాయి. నెల్లూరులోను, ఒంగోలులోను ప్రభుత్వ పెద్దాసుపత్రులు ఉన్నాయి.

కనిగిరి వైపు గ్రామాలవారికి ఇంకొక కారణం ఉంది, అది వాళ్ళు తాగిన నీళ్ళే. నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకన్నా ఎక్కువ ఉన్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగినవారిలో వెన్నెముక బిగుసుకుపోయి, అదనంగా పెరిగిన ఎముక నరాలను నొక్కి, కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తడబడుతుంది. ఇటువంటివారికి ఎముకల స్కానులో సాంద్రత ఎక్కువగా కనిపించినంత మాత్రాన ఎముక గట్టిగా ఉందని నమ్మకూడదు, ఫ్లోరైడు పట్టిన ఎముక చూపుకు మందంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. ఏ ఊరి నీళ్ళు ఎన్నేళ్ళు తాగారో డాక్టరుకు తప్పక చెప్పండి.

నరాల నొప్పికి డైక్లోఫెనాక్ వంటి మాత్రలు అంతగా పనిచేయవు, పైగా మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సిటిన్, ప్రిగాబలిన్, గాబాపెంటిన్ ఇందుకు వాడే మందులు. వీటిలో గాబాపెంటిన్ ఆవిర్లను కూడా కొంత తగ్గిస్తుంది కాబట్టి, హార్మోన్లు వాడకూడనివారికి రెండు బాధలూ ఉంటే డాక్టర్లు దాన్ని ఆలోచిస్తారు. మగతగా ఉంటుంది, తల తిరుగుతుంది; రాత్రి లేచేటప్పుడు జాగ్రత్త అవసరం.

(దృశ్యం: పెనం మీద వేగుతున్న రాళ్ళ ఉప్పు, పక్కన పాత గుడ్డ.)

ఇంటి వైద్యాల్లో అన్నిటికన్నా ఎక్కువగా చెప్పవలసింది ఈ కాపడం గురించే. స్పర్శ తగ్గిన పాదానికి వేడి తెలియదు. ఉప్పు మూట పెట్టినా, వేడి నీళ్ళ తొట్టిలో ఉంచినా చర్మం కాలి బొబ్బలెక్కిన తర్వాతే చూసుకుంటారు, చక్కెర వ్యాధి ఉంటే ఆ పుండు త్వరగా మానదు. పాదాలకు నువ్వుల నూనె మర్దన చేసుకోవచ్చు, హాయిగా ఉంటుంది, పగుళ్ళూ తగ్గుతాయి, కాని నరం దానితో బాగుపడదు. నరాల బలానికని దుకాణంలో అడిగి తెచ్చుకునే కొన్ని మాత్రల్లో బీ6 విటమిన్ చాలా ఎక్కువగా ఉంటుంది. దాన్ని పెద్ద మోతాదులో నెలల తరబడి మింగితే అదే నరాలను పాడుచేసి ఇంకా తిమ్మిరి తెస్తుంది. అశ్వగంధ వాడినవారిలో కొందరికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు నమోదు చేశారు, థైరాయిడ్ మాత్రలు వాడేవారు దాని జోలికి వెళ్ళకపోవడం మంచిది.

సోయాలో ఈస్ట్రోజన్‌ను పోలిన పదార్థాలు ఉన్నాయి. కొందరికి ఆవిర్లు కొద్దిగా తగ్గుతాయి. అవిశె గింజలు పీచు కోసం తినవచ్చు, ఆవిర్ల కోసం మాత్రం వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. పలచని నూలు బట్టలు, పడక పక్కన చెంబుడు చల్లని నీళ్ళు, కారం, కాఫీ తగ్గించడం, రోజూ నడక కొందరికి కొంత సాయపడతాయి. ఎముకల కోసం రోజుకు 1000 నుంచి 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరం. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది కాబట్టి సంగటి, పెరుగు, ముళ్ళతో సహా తినే ఎండు నెత్తళ్ళు వారానికి ఎన్నిసార్లు కుదిరితే అన్నిసార్లు తినండి.

(దృశ్యం: నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, వ్యాఖ్యాత గొంతు నిదానంగా.)

రెండు సందర్భాల్లో మాత్రం ఇంట్లో కూర్చోకండి. ముట్లు ఆగి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆ వారంలోనే స్త్రీల వైద్యులను కలవండి. కాళ్ళలో బలం హఠాత్తుగా తగ్గినా, మూత్రం తెలియకుండా పోతున్నా, మలమూత్ర ద్వారాల దగ్గర స్పర్శ లేకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా ఆ రాత్రే 108కు ఫోను చేయండి.