వాలు కింద ఎవరున్నారో చూసుకున్నారా?

నమస్కారం. గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి మన ఛానెల్‌కు ఒక ప్రశ్న పంపారు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో ఉద్యోగం చేస్తున్న వారి అబ్బాయి చలికాలంలో స్నేహితులతో కలిసి అక్కడి వెయిల్ పాస్ అనే కొండ కనుమకు వెళ్లి, మంచు మీద నడిచే మోటారు బండి అయిన స్నోమొబైల్ నడుపుతున్నాడట. అదే కొండల్లో, కాళ్లకు పొడవాటి బద్దలు కట్టుకుని మంచు మీద జారే స్కీయర్లు కూడా తిరుగుతారని, మంచు చరియలు విరిగిపడతాయని విన్న దగ్గర నుంచి ఆమెకు మనసు కుదుటగా లేదు, అబ్బాయికి ఏం జాగ్రత్తలు చెప్పాలని అడుగుతున్నారు. మన విజయవాడలో మంచు పడదు గాని, పిల్లలను అమెరికాకో కెనడాకో పంపిన ఇళ్లు ఇక్కడా, గుంటూరులోనూ ఎన్నో ఉన్నాయి కనుక ఈ విషయం వివరంగా మాట్లాడుకోవాలి.

స్నోమొబైల్ మోతకు మంచు కూలుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. కూల్చేది బరువు. గాలికి గట్టిపడిన పై పొర కింద, ఒకదానికొకటి అంటుకోని మంచు రేణువుల పొర ఉన్నప్పుడు, రెండు వందల కిలోలు దాటే బండి దాని మీదికి రాగానే అడుగు పొర నలిగి, పై పొర పెద్ద పలకగా విరిగి జారుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఈ ప్రమాదం ఎక్కువ. వాలు మీదికి ఎక్కకుండా దాని మొదట్లో చదును నేల మీద వెళ్తున్నా, పైనున్న పలక తెగి రావచ్చు. ప్రాణాలు తీసే చరియల్లో అత్యధిక భాగం అందులో చిక్కుకున్నవారో, వారి జట్టువారో కదిలించినవే.

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. స్కీయర్ గంటసేపు చెమటోడ్చి ఎక్కే కొండను బండి కొన్ని నిమిషాల్లో ఎక్కేస్తుంది. హెల్మెట్ పెట్టుకుని ఇంజిన్ హోరులో ఉన్నవారికి కింద చెట్ల మధ్య నుంచి ఎవరు కేక వేసినా వినపడదు. కాబట్టి వాలు ఎక్కే ముందు మంచును చదవాలి. రెండు సన్నని గీతలు పక్కపక్కనే మెలికలు తిరుగుతూ పైకి పోతుంటే, వాటికి ఇరువైపులా కర్ర గుచ్చిన గుంటలు ఉంటే, అది స్కీయర్లు ఎక్కిన జాడ. లోపలికి వెళ్లిన జాడ ఉండి, తిరిగి వచ్చిన జాడ కనపడకపోతే, మనుషులు ఇంకా అక్కడే ఉన్నారనుకుని ఆ పై వాలును వదిలేయాలి.

2010 మార్చి 13న కెనడాలోని రెవెల్‌స్టోక్ దగ్గర బౌల్డర్ పర్వతం మీద స్నోమొబైల్ ప్రియులు పెద్ద సంఖ్యలో కలిశారు. కొందరు నిటారు వాలు మీద ఎంత ఎత్తుకు ఎక్కగలరో పరీక్షించుకుంటుండగా, మిగిలినవారు సరిగ్గా ఆ వాలు కిందే నిలబడి చూస్తున్నారు. చరియ విరిగి వారి మీద పడింది. ఇద్దరు చనిపోయారు, ముప్పై మంది దాకా గాయపడ్డారు. అలాస్కాలోని టర్నగైన్ పాస్‌లో రహదారికి ఒకవైపు బండ్లకు, రెండో వైపు స్కీయర్లకు కేటాయించారు. అయినా 1999 మార్చి 21న బండ్ల వైపున విరిగిన చరియ ఆరుగురిని బలి తీసుకుంది. చోటు పంచి ఇచ్చినంత మాత్రాన పైనున్న మనిషికి కిందివారి బాధ్యత తప్పదు.

అందుకే వాలు మీదికి ఒక్కరే వెళ్లాలి. మిగిలినవారు చరియ చేరలేని చోట, బయటికి పోయే దిక్కుగా బండ్లు తిప్పి నిలుపుకుని, ఆ ఒక్కరి మీదే చూపు నిలపాలి. స్నేహితుడి బండి పైన కూరుకుపోతే సాయానికి ఇంకో బండి వేసుకుని వెళ్లడం మన స్వభావానికి సహజమే గాని, ఆ రెండో బరువే ఇద్దరినీ ముంచవచ్చు.

కొలరాడోలో చరియల హెచ్చరికలు రోజూ వెలువడతాయి. అందులో ఐదు స్థాయిలు ఉంటాయి. మూడోదంటే మధ్యస్థమే కదా అని తేలికగా తీసుకోవడం వల్లనే ఆ స్థాయిలో ఎక్కువ మరణాలు జరుగుతున్నాయి. ప్రకాశం బ్యారేజీ వద్ద మొదటి ప్రమాద హెచ్చరిక జారీ కాగానే నీళ్లు చూడటానికి జనం పోటెత్తడం మనకు తెలిసిందే. ఇదీ అలాంటి ధైర్యమే.

అమ్మా, మీ అబ్బాయికి "జాగ్రత్త నాన్నా" అని చెప్పి ఊరుకోకండి. "ఈ రోజు హెచ్చరిక స్థాయి ఎంత? బీకన్ ఒంటి మీద పెట్టుకున్నావా? పార, ప్రోబ్ కర్ర నీ వీపు సంచిలో ఉన్నాయా, బండికి కట్టావా?" అని అడగండి. బీకన్ అంటే మంచు కింద చిక్కుకున్న మనిషిని కనిపెట్టడానికి రేడియో సంకేతాలు పంపే, అందుకునే చిన్న పరికరం; ప్రోబ్ అంటే ఆ మనిషి ఎక్కడున్నాడో తెలుసుకోవడానికి మంచులోకి గుచ్చి చూసే పొడవాటి కర్ర. బండి మంచులో కూరుకుపోతే దానికి కట్టిన సామానూ దానితోనే పోతుంది.

మన కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్లేవారికి ఒక మాట. 2023 ఫిబ్రవరి 1న అక్కడి అఫర్వత్ వాలుల్లో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చరియ కింద పడి చనిపోయారు. స్నోమొబైల్ నడిపే స్థానికుడిని ఇంకాస్త పైకి తీసుకెళ్లమని బతిమాలకండి.

ఇక చరియ పడితే, ఎవరి జట్టు అన్న ప్రశ్నే లేదు. స్కీయర్ల బీకన్లూ, స్నోమొబైల్‌వారి బీకన్లూ ఒకే 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి కాబట్టి దగ్గరున్న బండివారే స్కీయర్‌ను వెతకగలరు. పది పదిహేను నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం చాలా ఎక్కువ. అరగంట దాటితే దాదాపు మూడింట ఒక వంతుకు పడిపోతుంది. ఇంకో చరియ వచ్చే ప్రమాదం లేదని చూసుకుని, బీకన్‌తో వెతికేచోట ఇంజిన్ ఆపాలి, ఎందుకంటే దాని విద్యుత్ అలజడి సంకేతాన్ని చెడగొడుతుంది. ఫోనును బీకన్‌కు కనీసం 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, అక్కడున్నవారందరూ తమ బీకన్లను వెతికే స్థితికి మార్చుకోవాలి. ఒక్కటి మరిచిపోయినా, వెతికేవారు మంచు కింది మనిషిని వదిలి పైన నిలబడిన మనిషి దగ్గరకు వస్తారు.