కార్టిసాల్ తగ్గిన తర్వాత

సభకు నమస్కారం.

ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ చాలాకాలం అతిగా ఉండడం వల్ల వచ్చే కుషింగ్ సిండ్రోమ్ మీద మాట్లాడమంటే జబ్బును ఎలా పసిగట్టాలన్న దగ్గరే మేము చాలాసార్లు ఆగిపోతాం. దానికి కారణమైన కణితిని తీసే ఆపరేషన్ బాగా జరిగిందని విని సంతోషంగా ఇంటికి వెళ్ళిన మనిషి, రెండు నెలలకు తిరిగి వచ్చి ‘జబ్బున్నప్పుడే నయం, ఇప్పుడు లేవలేకపోతున్నాను’ అనడం మాకు అలవాటైన మాట కనుక, ఈ పూట ఆ తర్వాతి కాలం గురించి ఎక్కువ చెబుతాను.

కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్, ఉపవాసంలోనూ జ్వరంలోనూ రక్తంలో గ్లూకోజ్ పడిపోకుండా కాపాడుతుంది. అదే రేయింబవళ్ళు అతిగా ఊరితే కండరాల్లోని ప్రొటీన్ కరిగి, కాలేయంలో గ్లూకోజ్‌గా మారుతుంది. ఇన్సులిన్ పనితనం మందగిస్తుంది. కొవ్వు పొట్ట లోపల, ముఖంలో, మెడ వెనుక పేరుకుంటుంది. చుట్టాలు ‘ఒళ్ళు చేశావు’ అంటుండగానే ఆ మనిషి చేతులు ఆనించనిదే పీట మీద నుంచి లేవలేని స్థితికి వస్తాడు. పరగడుపు షుగర్ మామూలుగా ఉండి, మధ్యాహ్నం తిన్నాక పెరగడం ఈ జబ్బులో తరచుగా కనిపిస్తుంది కాబట్టి పరగడుపు పరీక్ష ఒక్కదాన్నే నమ్మితే మోసపోతాం. కిడ్నీలు ఉప్పును పట్టి ఉంచి పొటాషియాన్ని వదిలేయడం వల్ల బీపీ కూడా పెరుగుతుంది.

1932లో అమెరికా సర్జన్ హార్వీ కుషింగ్ ఈ లక్షణాలకు, మెదడు అడుగున ఉండి అడ్రినల్‌కు ఆజ్ఞలిచ్చే పిట్యూటరీ గ్రంథిలోని చిన్న కణితితో ముడి ఉందని వివరించాడు. అయితే గ్రంథుల్లో కణితి కన్నా, బయటి నుంచి చేరే, కార్టిసాల్‌లా పనిచేసే స్టెరాయిడ్ మందులే దీనికి ఎక్కువగా కారణం. మోకాళ్ళ నొప్పులకనో ఆయాసానికనో మందుల చీటీ లేకుండా నెలల తరబడి మింగే పొట్లాల్లో ఏముందో ఎవరూ అడగరు. ఈ మాట విని భయపడి వాటిని ఒక్కసారిగా ఆపేయడం మాత్రం అంతకన్నా ప్రమాదం.

ఎందుకంటే అతి కార్టిసాల్ మధ్య పిట్యూటరీలోని మామూలు భాగం నిద్రపోతుంది; మందు ఆపినా, కణితి తీసినా దాని ఆజ్ఞ లేక అడ్రినల్ తగినంత కార్టిసాల్ చేయలేదు. కణితి తీసేశాక అవి మేలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా పడుతుంది. అంతవరకు కార్టిసాల్‌నే మందు రూపంలో ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలే ఆధారం. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్ తీసుకోవాలి. ఈ కాలంలో కీళ్ళ నొప్పులు, నీరసం, దిగులు ఉంటాయి; అవి జబ్బు తిరగబెట్టిన గుర్తులని కంగారు పడనక్కర్లేదు గానీ డాక్టరుకు చెప్పాలి.

షుగర్ త్వరగా దిగుతుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్ కొనసాగిస్తే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. బీపీ కొందరిలో పూర్తిగా తగ్గదు. ఎముకలు గట్టిపడడానికి ఏళ్ళు పడతాయి, కండరాల బలం మెల్లగా వస్తుంది. ఆపరేషన్ తర్వాతి వారాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువ, అందుకే ఒక కాలే వాచినా, హఠాత్తుగా ఊపిరాడకపోయినా ఆలస్యం చేయకూడదు.

మాత్రలు ఎప్పుడు ఆపాలో ఉదయం 8 గంటల ప్రాంతంలో చేసే కార్టిసాల్ రక్తపరీక్ష చెబుతుంది. ఆ రోజు మాత్రను రక్తం ఇచ్చిన తర్వాతే వేసుకోండి; ముందే వేసుకొస్తే ఆ మాత్ర కూడా లెక్కలో కలిసిపోతుంది.