కటాడిన్ శిఖరం మీద షాంపేన్: దూరపు కాలిబాటలు, రికార్డులు, నియమాలు

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

2015 జూలై 12న అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, 5,267 అడుగుల కటాడిన్ శిఖరం మీద జరిగిన ఒక సంఘటనతో మొదలుపెడతాను. జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ దగ్గర మొదలై, 14 రాష్ట్రాల గుండా సాగి, కటాడిన్ మీద ముగిసే అపలాచియన్ ట్రైల్ పొడవు అప్పటి లెక్క ప్రకారం 2,189 మైళ్లు. ఆ దారినంతటినీ స్కాట్ జురెక్ అనే దూర పరుగుల ఆటగాడు ఆ రోజు 46 రోజుల 8 గంటల 7 నిమిషాల్లో పూర్తి చేశారు. 2011లో జెన్నిఫర్ ఫార్ డేవిస్ నెలకొల్పిన 46 రోజుల 11 గంటల 20 నిమిషాల రికార్డు మూడు గంటల పైచిలుకు తేడాతో చెరిగిపోయింది. శిఖరం మీద ఆత్మీయులు, అభిమానులు, కెమెరాలు ఆయన కోసం ఎదురుచూస్తున్నాయి. ఎవరో షాంపేన్ సీసా తెరిచారు. నురగ పొంగి బండల మీద పడింది. ఆ సంబరం తర్వాత ఆయనకు పార్కు రేంజర్ల నుంచి మూడు అభియోగాలు ఎదురయ్యాయి. బహిరంగ స్థలంలో మద్యం సేవించడం మొదటిది, పరిసరాలను పాడుచేయడం రెండవది, 12 మందికి మించిన గుంపుతో కొండ ఎక్కడం మూడవది.

కొన్ని రోజులకే కటాడిన్ ఉన్న బ్యాక్స్‌టర్ స్టేట్ పార్క్ డైరెక్టర్ జెన్సెన్ బిసెల్ బహిరంగంగా తన అభ్యంతరాన్ని వెల్లడించారు. బండల మీద చిందిన షాంపేన్‌కు అంత ఎత్తున కూడా తేనెటీగలు వచ్చి వాలతాయని రాశారు. జురెక్ తలకు కట్టుకున్న పట్టీ మీద, వెంట వచ్చిన వాహనం మీద స్పాన్సర్ పేరు కనిపించడాన్ని ప్రస్తావించి, ఇటువంటి కార్యక్రమాలకు ఈ పార్కు తగిన స్థలం కాదని స్పష్టం చేశారు. చివరికి రెండు అభియోగాలను ఉపసంహరించుకున్నారు, మద్యం విషయంలో మాత్రం 500 డాలర్ల జరిమానా పడింది. ఒక సీసా తెరిచినందుకు ఇంత రాద్ధాంతమా అని అప్పట్లో చాలామంది విసుక్కున్నారు. నలభై ఆరు రోజులు ఒళ్లు హూనం చేసుకున్న మనిషి ఒక్క గుక్క తాగితే తప్పేమిటని అడిగారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసేయను. కాని దానికి జవాబు చెప్పాలంటే ముందు ఆ కొండ ఎవరిదో, అక్కడ ఆ నియమం ఎందుకు పుట్టిందో తెలియాలి.

పర్సివల్ బ్యాక్స్‌టర్ 1921 నుంచి 1925 వరకు మెయిన్ గవర్నర్‌గా ఉన్నారు. కటాడిన్‌ను ప్రజల కోసం కొనాలని శాసనసభను ఒప్పించడానికి ఎంతో ప్రయత్నించి విఫలమయ్యారు. పదవి దిగిపోయాక సొంత డబ్బుతో ఆ భూమిని ముక్కలు ముక్కలుగా కొనడం మొదలుపెట్టారు. 1931లో దాదాపు 6,000 ఎకరాలు రాష్ట్రానికి రాసిచ్చారు. అక్కడితో ఆగకుండా 1962 దాకా, అంటే మూడు దశాబ్దాలకు పైగా కొంటూ ఇస్తూ పోయారు, మొత్తం 2 లక్షల ఎకరాలు దాటింది. ప్రతి దానపత్రంలోనూ షరతులు పెట్టారు. ఈ నేల ఎప్పటికీ అడవిగానే ఉండాలన్నది వాటి సారాంశం. తాను పోయాక పార్కు నిర్వహణకు ఎవరి ముందూ చేయి చాచవలసిన పని లేకుండా నిధిని కూడా ఏర్పాటు చేసి వెళ్లారు. అందుకే ఆ పార్కు మెయిన్‌లోని మిగతా స్టేట్ పార్కుల వ్యవస్థలో భాగం కాదు, దాని పాలన వేరు. ముందు అడవి క్షేమం, ఆ తర్వాతే సందర్శకుల వినోదం అన్న వరుసలో అక్కడి నియమాలు రూపొందాయి. గుంపులో 12 మందికి మించకూడదన్న నియమం ఏదో అధికారి విసుగులోంచి పుట్టింది కాదు.

ఆ కొండ పైభాగంలో చెట్లు లేని విశాలమైన బండల మైదానం ఉంది. బండల సందుల్లో బెత్తెడు ఎత్తు కూడా లేని శీతల ప్రాంతపు మొక్కలు బతుకుతాయి. అక్కడ ఎదుగుదలకు అనువైన కాలం ఏడాదిలో కొన్ని వారాలే. బూటు కింద నలిగిన మొక్క తిరిగి నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. కటాడిన్ ఆర్కిటిక్ అనే సీతాకోకచిలుక ప్రపంచంలో ఆ కొండ మీద తప్ప మరెక్కడా లేదు. పదిమంది బండ మీద నుంచి బండ మీదికి అడుగులు వేస్తూ వరుసగా వెళ్లడం వేరు, ముప్పై మంది ఒక మనిషి చుట్టూ మూగి ఫొటోల కోసం వెనక్కీ పక్కకీ జరగడం వేరు. వెనక్కి జరిగే అడుగు ఎక్కడ పడుతుందో వేసేవారు చూడరు. గుంపు పరిమితి వెనక ఉన్న ఆలోచన అది. షాంపేన్ కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఆ గుంపే. అభియోగాల్లో మద్యం ఒక్కటే నిలబడి, మిగతావి పక్కకు పోవడంతో జనం మనసులో ఇది సీసా గొడవగా మిగిలిపోయింది. అది దురదృష్టం.

ఇక రికార్డు అంటే ఏమిటో చూద్దాం. ఈ కాలిబాటల మీద పోటీలు ఉండవు, అంపైర్లు ఉండరు, గీతలు గీసి ఉండవు. ఒక దారిని ఇప్పటివరకు తెలిసినంతలో అతి తక్కువ సమయంలో పూర్తి చేసినవారి లెక్కను ఫాస్టెస్ట్ నోన్ టైమ్, క్లుప్తంగా ఎఫ్‌కేటీ అంటారు. 2000 ప్రాంతంలో పీటర్ బాక్‌విన్, బజ్ బరెల్ అనే మిత్రులు వాడుకలోకి తెచ్చిన మాట అది. వెంట మనుషులు ఉండి తిండి, నిద్ర, బూట్లు అన్నీ చూసుకుంటే అది సపోర్టెడ్. దారిలో ఊళ్లలో ఎవరికైనా దొరికే వస్తువులు కొనుక్కుంటూ, ముందే పంపుకున్న పొట్లాలు అందుకుంటూ, తనకంటూ సహాయక బృందం లేకుండా వెళితే సెల్ఫ్ సపోర్టెడ్. మొదట మోసిన బరువు తప్ప నీళ్లు మాత్రమే తీసుకుంటూ వెళితే అన్‌సపోర్టెడ్. వీటన్నిటికీ పునాది ఒక్కటే: అందరూ నడిచిన అదే దారిని, ఒక్క అడుగు తగ్గకుండా నడవాలి. అపలాచియన్ ట్రైల్ మీద చెట్లకూ బండలకూ రెండు అంగుళాల వెడల్పు, ఆరు అంగుళాల పొడవున్న తెల్ల రంగు గుర్తులు వేసి ఉంటాయి. ప్రతి తెల్ల గుర్తునూ దాటి వెళ్లామని చెప్పుకోవడమే ఆ దారి బాటసారుల గౌరవం. అందువల్ల నియమ భంగం రికార్డుకు బయటి విషయమనీ, పార్కు వాళ్లు చూసుకోవలసిన సంగతి అనీ అనే వాదన నాకు మింగుడుపడదు. దారి మారితే కొలిచే వస్తువే మారిపోతుంది, అప్పుడు గడియారంలో అంకెకు అర్థం ఉండదు.

దీనికి వ్యోమింగ్ రాష్ట్రంలోని 13,775 అడుగుల గ్రాండ్ టీటన్ శిఖరాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. అది ఒక్క పూట పరుగే గాని, విషయం బాగా తేటపడేది అక్కడే. 2012 ఆగస్టులో కిలియన్ జోర్నెట్ కింది నుంచి శిఖరానికి వెళ్లి తిరిగి రావడానికి 2 గంటల 54 నిమిషాల 1 సెకను తీసుకున్నారు. దిగేటప్పుడు కాలిబాట మెలికలను అడ్డంగా కోసి వెళ్లారని ఆయన మీద విమర్శ వచ్చింది. కొద్ది రోజులకే ఆండీ ఆండర్సన్ దారి తప్పకుండా అన్ని మెలికలూ తిరిగి 2 గంటల 53 నిమిషాల 2 సెకన్లలో పూర్తి చేశారు. అడ్డదారి లేకుండా 59 సెకన్లు ముందు వచ్చారు. ఈ క్రీడ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన అంకె ఆ 59.

పన్నెండేళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్ 2న, మిచెలీనో సన్‌సెరి అదే కొండ మీద 2 గంటల 50 నిమిషాల 50 సెకన్ల సమయం నమోదు చేశారు. అయితే దిగివచ్చేటప్పుడు మూసివేసిన పాత అడ్డదారిలో పరుగెత్తారు. అక్కడ అడ్డదారిలో వెళ్లవద్దనీ, దానివల్ల నేల కోతకు గురవుతుందనీ బోర్డులు ఉన్నాయి. రికార్డులు నమోదు చేసేవారు ఆ సమయాన్ని గుర్తించలేదు. నేషనల్ పార్కుల నిబంధన ప్రకారం కేసు నమోదై, 2025 సెప్టెంబర్‌లో కోర్టు ఆయనను దోషిగా తేల్చింది, అదే ఏడాది నవంబర్‌లో అధ్యక్షుడి క్షమాభిక్ష లభించింది. గతంలో చాలామంది ఆ అడ్డదారినే వాడారన్నది ఆయన పక్షం వాదన. అది నిజమే కావచ్చు. ఆరు నెలల జైలుకు వీలున్న నేరంగా దీన్ని చూడాలా అనే చర్చకు కూడా చోటుంది, నా మటుకు నాకు జైలు మాట అతిగానే అనిపిస్తుంది. కాని బోర్డు కళ్లముందు ఉన్నప్పుడు, వెనకటివారు వెళ్లారు గనుక నేనూ వెళ్లానన్న మాట రికార్డు కోరుకునే మనిషి నోట రాకూడదు. ఆండర్సన్ ఆ మెలికలన్నీ తిరిగే కదా వచ్చారు!

మెలిక ఎందుకంత ముఖ్యమో దగ్గరగా చూపిస్తాను. నిట్టనిలువు వాలు మీద దారిని అటూ ఇటూ తిప్పి వేయడంలో ఉద్దేశం నడిచేవారి ఆయాసాన్ని తగ్గించడం ఒక్కటే కాదు, వాన నీటిని పక్కకు మళ్లించడం కూడా. దారి వాలుకు అడ్డంగా ఉన్నంతవరకు నీరు దాన్ని దాటి అంచు మీదుగా కిందికి పోతుంది. ఒకరు రెండు మెలికల మధ్య నిలువుగా దిగితే గడ్డి నలుగుతుంది. పదిమంది దిగితే మట్టి కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చే మొదటి పెద్ద వానకు నీరు సులువైన దారి దొరికిందని ఆ చారలోకి దిగి వేగం అందుకుంటుంది, మట్టిని తోసుకుపోతుంది, వేళ్లు బయటపడతాయి, గులకరాళ్లు దొర్లుతాయి. చార కాలువ అవుతుంది. కాలువలో నడవడం కష్టమని జనం దాని పక్కన నడుస్తారు, కాలిబాట రెండు అడుగుల నుంచి పది అడుగులకు వెడల్పవుతుంది. దాన్ని మళ్లీ పూడ్చేది ఎవరు? అపలాచియన్ ట్రైల్ విషయంలో ఆ పని దాదాపు 30 క్లబ్బుల స్వచ్ఛంద కార్యకర్తలది. సెలవు రోజుల్లో పారా, గునపం భుజాన వేసుకుని మైళ్ల కొద్దీ నడిచివెళ్లి, రాళ్లు దొర్లించి మెట్లు పేర్చి, నీరు పోయే గాడి తీసి, మాసిన తెల్ల గుర్తులకు రంగు వేసి వస్తారు. వారికి జీతం లేదు, వారి పేరు ఏ తలపట్టీ మీదా ఉండదు.

వ్యాపారం గురించి నా అభ్యంతరం ఇక్కడే ఉంది. స్పాన్సర్‌షిప్ స్వతహాగా తప్పని నేను అనను. నెలన్నర పాటు పని మానుకుని, ముగ్గురు నలుగురిని వెంట పెట్టుకుని పరుగెత్తడానికి డబ్బు కావాలి. స్పాన్సర్లే లేకపోతే ఇది కలిగినవారి ఆటగానే మిగిలిపోతుంది. 2024లో అపలాచియన్ ట్రైల్‌ను 40 రోజుల 18 గంటల 5 నిమిషాల్లో పూర్తి చేసి ఆడ, మగ తేడా లేకుండా అందరిలోకీ వేగవంతమైన సమయం నెలకొల్పిన టారా డవర్, ఆ పరుగు ద్వారా ఆడపిల్లల కోసం పనిచేసే ఒక స్వచ్ఛంద సంస్థకు విరాళాలు సేకరించారు. అటువంటి ప్రయత్నాలను చూసి సంతోషించనివారు ఎవరు? చిక్కల్లా, కంపెనీ డబ్బు చెల్లించేది పరుగెత్తే మనిషికి, వాడుకునేది మాత్రం ఆ మనిషి వెనక కనిపించే కొండను. కొండ అడవిగా మిగిలి ఉండబట్టే ఆ ఫొటోకు విలువ. దానపత్రంలోని షరతులు, 12 మంది పరిమితి, సెలవు రోజుల్లో మోసిన రాళ్లు, ఇవన్నీ కలిసి సృష్టించిన విలువ అది. దాన్ని ప్రకటనగా మలుచుకుని, ఆ విలువను కాపాడే నియమాన్నే ఆ ప్రకటన తీసే రోజున పక్కన పెడితే, అది అందరి సొమ్మును ఒకరు వాడుకోవడం అవుతుంది. కెమెరాకు అనుమతి తీసుకున్నాం కదా అనడం చాలదు. అనుమతిలోని షరతు శిఖరం మీద ఉద్వేగం పొంగిన క్షణంలో కూడా వర్తిస్తుంది.

మరొకటి కూడా చెప్పాలి. ప్రసిద్ధుల పని ఒక్కరితో ఆగదు. జురెక్ రావడానికి ముందు ఏడాదే, 2014లో, బిసెల్ అపలాచియన్ ట్రైల్ సంస్థకు లేఖ రాశారు. దూర ప్రయాణికుల్లో కొందరు శిఖరం మీద తాగి గోల చేస్తున్నారనీ, పెద్ద గుంపులుగా వస్తున్నారనీ, కుక్కలకు ప్రవేశం లేకపోయినా వాటిని సహాయక జంతువులుగా చూపే పత్రాలతో తెస్తున్నారనీ ఫిర్యాదు చేశారు. ఇది ఇలాగే కొనసాగితే కాలిబాట చివరి మజిలీని కటాడిన్ నుంచి తప్పించవలసి రావచ్చని హెచ్చరించారు. 1937లో పూర్తయిన ఆ మహా కాలిబాటకు కటాడిన్ లేకపోవడాన్ని ఊహించుకోండి. అంతటి హెచ్చరిక ఇంకా చెవుల్లో ఉండగానే, దేశమంతా చూస్తున్న పరుగు అదే శిఖరం మీద, అదే తీరులో ముగిసింది. డైరెక్టర్ మాటల్లోని కటుత్వం నాకు నచ్చలేదు, కాని ఆయన ఆవేదన అర్థమవుతుంది. 2016 నుంచి అక్కడికి వచ్చే దూర ప్రయాణికులు పార్కు పర్మిట్ కార్డు తీసుకోవలసి వస్తోంది.

రికార్డుల కోసం ప్రయత్నించేవారికి నా విన్నపం ఒకటే. బయలుదేరే ముందు ఏ మజిలీలో ఏ తిండి అందాలో ఎంత శ్రద్ధగా రాసుకుంటారో, దారిలోని ప్రతి పార్కు నియమాలనూ అంతే శ్రద్ధగా రాసుకోండి. అభిమానులను శిఖరానికి పిలవకండి, కింద క్యాంపు దగ్గర కలవమనండి. కటాడిన్ నుంచి కింది క్యాంపుకు ఐదు మైళ్ల పైచిలుకు దూరమే. స్పాన్సర్లు కూడా ఒప్పంద పత్రంలో నియమ భంగం జరిగితే ఆ చిత్రాలు వాడబోమన్న వాక్యం ఒకటి చేర్చవచ్చు. అదే డబ్బులోంచి కొంత ఆ దారిని బాగుచేసే క్లబ్బుకు ఇవ్వవచ్చు. రికార్డులు నమోదు చేసేవారు గ్రాండ్ టీటన్ విషయంలో చేసినట్టు, సమయం ఎంత గొప్పదైనా అడ్డదారి ఉంటే తోసిపుచ్చడం కొనసాగించాలి. జరిమానా కంటే ఆటగాళ్లను ఎక్కువగా ఆపేది అదే.

2015 వేసవికే తిరిగి వెళ్తాను. జురెక్ కటాడిన్ మీద పరుగు ముగించిన సరిగ్గా 20 రోజులకు, ఆగస్టు 1న, హెదర్ ఆండర్సన్ అదే శిఖరం నుంచి దక్షిణంగా బయలుదేరారు. ఆమె వెంట వాహనం లేదు, సహాయక బృందం లేదు. తన మూటను తానే మోసుకుంటూ తెల్ల గుర్తుల వెంట నడిచి సెప్టెంబర్ 24న స్ప్రింగర్ కొండ చేరారు. ఆమెకు పట్టిన సమయం 54 రోజుల 7 గంటల 48 నిమిషాలు. సెల్ఫ్ సపోర్టెడ్ విభాగంలో అప్పటిదాకా ఒక పురుషుడి పేరిట ఉన్న రికార్డు కన్నా అది నాలుగు రోజులు తక్కువ.