మైకు ముందుకు రాని గోల్‌కీపర్: స్టీఫెన్ క్లక్స్‌టన్

అందరికీ నమస్తే. ముందు ఒక సీన్ చెప్తాను. 2011 సెప్టెంబర్, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్. స్టేడియంలో ఎనభై వేలకు పైగా జనం. ఆల్ ఐర్లాండ్ ఫైనల్, అంటే గేలిక్ ఫుట్‌బాల్ అనే ఐరిష్ ఆటలో కౌంటీ జట్ల ఛాంపియన్‌షిప్ ఆఖరి మ్యాచ్. డబ్లిన్, కెర్రీ జట్ల స్కోరు సమానం, మ్యాచ్ ఇంజురీ టైమ్‌లో ఉంది. డబ్లిన్‌కు ఫ్రీ కిక్ దొరికింది. అది కొట్టడానికి తన గోల్ వదిలేసి మైదానం పొడవునా నడుచుకుంటూ వచ్చాడు గోల్‌కీపర్. ఎడమ కాలితో కొట్టాడు, బంతి బార్ మీదుగా వెళ్లింది. 1995 తర్వాత డబ్లిన్‌కు మొదటి టైటిల్! మరి ఆయనేం చేశాడు? వెనక్కి తిరిగి తన గోల్ వైపు పరుగెత్తాడు. అంతే.

ఆయనే స్టీఫెన్ క్లక్స్‌టన్. ఉద్యోగం స్కూల్లో సైన్స్ టీచర్. గేలిక్ ఫుట్‌బాల్‌లో జీతాలు ఉండవండీ, అందరూ అమెచ్యూర్లే.

ఈ ఆట కొత్తవాళ్లకు రెండు ముక్కల్లో. జట్టుకు 15 మంది, బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు. ఇంగ్లిష్ 'హెచ్' అక్షరంలా ఉండే పోస్టుల్లో బార్ పైనుంచి వెళ్తే మామూలుగా ఒక పాయింట్, కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. స్కోరు పడినా, బంతి పోస్టుల పక్కనుంచి బయటికి (వైడ్) వెళ్లినా గోల్‌కీపర్ బంతిని మళ్లీ ఆటలోకి తన్నాలి. దాన్నే కిక్ అవుట్ అంటారు.

అసలు కథంతా ఈ కిక్ అవుట్‌లోనే ఉంది. పూర్వం గోల్‌కీపర్లు బలమంతా పెట్టి మైదానం మధ్యకు తన్నేవాళ్లు. అక్కడ ఎవరు పైకి ఎగిరి అందుకుంటే వాళ్లదే బంతి. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు. క్లక్స్‌టన్ దాన్ని పాస్‌గా మార్చేశాడు. ప్రత్యర్థులు తమ స్థానాల్లో సర్దుకునేలోపే, ఖాళీ జాగాలోకి పరుగెత్తే తన ఆటగాడి చేతుల్లో బంతి పడేది. డబ్లిన్ దాడి అక్కడే మొదలయ్యేది. నన్నడిగితే, ఆయన ఆపిన షాట్ల కంటే ఈ తన్నులే ఎక్కువ మ్యాచ్‌లు గెలిపించాయి.

అలాగని ఎప్పుడూ సాఫీగా సాగలేదు. 2003లో ఆర్మా జట్టుతో మ్యాచ్‌లో రెడ్ కార్డ్ చూశాడు. 2014 సెమీఫైనల్లో డానెగాల్ జట్టు డబ్లిన్‌కు మూడు గోల్స్ కొట్టి ఇంటికి పంపింది. కానీ ఆ తర్వాత ఛాంపియన్‌షిప్‌లో డబ్లిన్ మళ్లీ ఓడింది 2021లోనే. అప్పటికి గోల్‌లో క్లక్స్‌టన్ లేడు!

ఈ మధ్యలో 2015 నుంచి 2020 వరకు వరసగా ఆరు టైటిళ్లు, ఆరింటికీ కెప్టెన్ ఆయనే. 2019 ఫైనల్లో కెర్రీ పెనాల్టీని ఆపాడు, ఆ మ్యాచ్ డ్రా అయింది, ఫైనల్ మళ్లీ ఆడితే (రీప్లే) డబ్లిన్ గెలిచింది. ఆ ఏడాది ఫుట్‌బాలర్ ఆఫ్ ది ఇయర్ కూడా ఆయనే.

2021లో జట్టుకు దూరమయ్యాడు. ప్రెస్‌మీట్ లేదు, వీడ్కోలు లేదు. 2023 మార్చిలో ఒక లీగ్ మ్యాచ్‌కు ముందు చూస్తే, వార్మప్ చేస్తూ కనిపించాడు! అదే ఏడాది జులైలో, 41 ఏళ్ల వయసులో, ఫైనల్లో కెర్రీని ఓడించిన జట్టుకు గోల్‌కీపర్. అది ఆయనకు తొమ్మిదో ఆల్ ఐర్లాండ్ మెడల్. ఆ రోజే సహచరులు మెకార్తీ, ఫిట్జ్‌సిమన్స్ కూడా తొమ్మిదికి చేరారు. అంతకుముందు ఏ ఆటగాడికీ అన్ని లేవు.

చివరిగా ఒక తమాషా. 2025లో కొత్త రూల్స్ వచ్చాయి. ఇప్పుడు కిక్ అవుట్ 40 మీటర్ల గీత దాటి తీరాలి, దగ్గరున్నవాడికి చిన్న పాస్ ఇచ్చే వీలు లేదు. ఆ రూల్స్ రాసిన కమిటీకి అధ్యక్షుడు ఎవరో తెలుసా? జిమ్ గావిన్. 2013 నుంచి 2019 దాకా డబ్లిన్ మేనేజర్! దీని గురించి క్లక్స్‌టన్ ఏమన్నాడని మాత్రం నన్ను అడక్కండి.