ఫ్లోర్ అద్దంలా మెరుస్తుందా? వీ-రేలో రిఫ్లెక్షన్, గ్లాసీనెస్ సెట్ చేసే పద్ధతి

[తెర మీద: హాల్ రెండర్. టైల్స్‌లో సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తున్నయి.]

నల్లగొండలోనైనా పాలమూరులోనైనా ఇంటి త్రీడీ వ్యూ చూపిస్తే ఓనర్ కన్ను ముందు ఫ్లోర్ మీదనే పడ్తది. ఇక్కడ చూడండి, టైల్ పరిచినట్టు లేదు, నీళ్లు నిలిచినట్టుంది. ఇట్లయితే చాలామంది వీ-రేలో (త్రీడీ మోడల్‌ను ఫొటోలాంటి బొమ్మగా రెండర్ చేసే సాఫ్ట్‌వేర్) రిఫ్లెక్షన్ కలర్‌ను తెలుపు నుంచి బూడిద రంగుకు గుంజుతరు. మెరుపు తగ్గుతది, కానీ ఫ్యాన్ రెక్కలు అంతే పదునుగా ఉంటయి. నీళ్లు పోయి మురికి అద్దం వచ్చింది, అంతే.

[తెర మీద: స్కెచప్, వీ-రే అసెట్ ఎడిటర్]

రిఫ్లెక్షన్ కలర్ చెప్పేది ఎంత కాంతి తిరిగొస్తదని. గ్లాసీనెస్ చెప్పేది ఆ కాంతి ఎంత చెదిరిపోతదని. నంబర్ 1 వైపు పోతే ప్రతిబింబం పదును, తగ్గితే మసక. కలర్‌ను పూర్తి తెలుపులో పెట్టి, ఫ్రెనెల్ (చూసే కోణాన్ని బట్టి మెరుపు మార్చే ఆప్షన్) టిక్ ఆన్ చేసి, ఆ రెండింటినీ మర్చిపోండి. తిప్పాల్సింది గ్లాసీనెస్ ఒక్కటే.

తెలుపు పెడితే అంతా అద్దమైతదేమో అనే భయం వద్దు. ఫ్రెనెల్ ఆన్‌లో ఉంటే, ఐఓఆర్ (కాంతిని ఎంత వంచుతదో చెప్పే అంకె) 1.5 ఉన్న ఉపరితలాన్ని నిటారుగా పైనుంచి చూసినప్పుడు తిరిగొచ్చేది 4 శాతం కాంతే. చూపు వాలుతున్న కొద్దీ అది పెరుగుతది. కెమెరా ఎత్తు నాలుగడుగులే ఉంటే దూరంగా ఉన్న టైల్స్ ఎక్కువ మెరిసేది అందుకే. వీ-రే డిఫాల్ట్ ఐఓఆర్ 1.6, అంటే 5 శాతం పైచిలుకు. కంటికి తేడా తెలియదు, వదిలేయండి.

[తెర మీద: వరుసగా మెటీరియల్ గోళాలు]

మొదలుపెట్టడానికి మేము వాడే గ్లాసీనెస్ నంబర్లు: మిర్రర్ పాలిష్ విట్రిఫైడ్ టైల్ 0.95. కిచెన్ ప్లాట్‌ఫాం గ్రానైట్ 0.9. మెలమైన్ పాలిష్ కొట్టిన టేకు తలుపు 0.75 నుంచి 0.8. పాలిష్ పట్టని తాండూరు బండ 0.5, పార్కింగ్‌లో వేసే గరుకు గ్రానైట్ 0.4. రాయి పేరును బట్టి నంబర్ పెట్టొద్దు, దానికి పట్టిన పాలిష్‌ను బట్టి పెట్టండి. సూర్యాపేట పక్కన పిల్లలమర్రి గుడుల్లో నల్లరాతి స్తంభాల నునుపు చూసినోళ్లకు ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

స్టీల్ రెయిలింగ్‌కు మెటల్‌నెస్ (లోహమా కాదా చెప్పేది) 1, డిఫ్యూజ్‌లో (మెటీరియల్ అసలు రంగు) లేత బూడిద రంగు, గ్లాసీనెస్ 0.8. మెటల్‌నెస్ 0.5 పెట్టి చూద్దాం అనుకోవద్దు. అది ఇటు స్టీలూ కాదు, అటు ప్లాస్టిక్కూ కాదు.

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఇదే రఫ్‌నెస్ (గరుకుదనం), లెక్క తలకిందులు: 1 లోంచి గ్లాసీనెస్ తీసేయాలి. టైల్‌కు 0.95 అని అలవాటుగా కొడితే సుద్దముక్కలా వస్తది. అక్కడ కొట్టాల్సింది 0.05.

[తెర మీద: రఫ్‌నెస్ మ్యాప్, పక్కన రెండు రెండర్లు]

ఒకే నంబర్ బదులు మ్యాప్ (ఎక్కడ ఎంత గరుకో బూడిద షేడ్లలో చెప్పే ఇమేజ్) పెట్టినప్పుడు ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడ. రఫ్‌నెస్ మ్యాప్ రంగుల బొమ్మ కాదు, అంకెల పట్టిక. దాన్ని ఎస్‌ఆర్‌జీబీగా, అంటే మామూలు రంగుల ఫొటోలా చదివిస్తే మధ్య బూడిద 0.5 కాస్తా 0.21 అవుతది. మ్యాట్ టైల్ అనుకున్నది తళతళా మెరుస్తది, ఎక్కడ తప్పిందో దొరకదు. అదే గ్లాసీనెస్ మ్యాప్ అయితే ఉల్టా, అంతా మసకబారుతది. వీ-రే బిట్‌మ్యాప్‌లో కలర్ స్పేస్ లీనియర్, బ్లెండర్‌లో నాన్-కలర్ పెట్టండి. టైల్ జాయింట్లను కూడా ఈ మ్యాప్‌లోనే గరుకుగా గీయండి, రఫ్‌నెస్ 0.8 దాకా. ప్రతిబింబం జాయింట్ దగ్గర తెగినప్పుడే అది టైల్‌లా కనిపిస్తది.

[తెర మీద: ముందు సగం నల్లబడ్డ ఫ్లోర్]

నంబర్లన్నీ సరిగ్గానే ఉన్నా ఫ్లోర్ నల్లగా వస్తే మెటీరియల్‌ను తిట్టొద్దు. కెమెరాకు అడ్డమని గోడ డిలీట్ చేసి ఉంటరు. ఆ ఖాళీలోంచి ఫ్లోర్‌కు కనిపించేది నల్లటి శూన్యమే. గోడను మళ్లీ దాని చోట్లోనే పెట్టండి. స్కెచప్‌లో మోడల్‌ను కోసి చూపే సెక్షన్ ప్లేన్‌ను వీ-రే క్లిప్పర్‌గా మార్చి, కెమెరా కిరణాలను మాత్రమే కోసే ఆప్షన్ టిక్ చేయండి. కెమెరాకు గోడ ఉండదు, ఫ్లోర్‌కు ఉంటది. బయటి సీన్ అయితే డోమ్ లైట్‌లో (సీన్‌ను చుట్టేసే గోపురం లైటు) హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న ఆకాశం, పరిసరాలను పట్టిన ఫొటో) పెట్టండి.

రెయిలింగ్ మీద తెల్ల చుక్కలు చిట్లుతుంటే, చిన్న బల్బుకు ఎక్కువ పవర్ ఇచ్చి ఉంటరు. బల్బు సైజు పెంచండి, తర్వాత మ్యాక్స్ రే ఇంటెన్సిటీ (ఒక్కో కిరణం వెలుగుకు పెట్టే హద్దు) తగ్గించండి. డీనాయిజర్‌ను (రెండర్‌లోని నాయిస్‌ను నున్నగా చేసేది) ఆఖర్న ఆన్ చేయండి. ముందే చేస్తే చుక్కలు పోవు, మచ్చలవుతయి.