గేటు అవతల నాన్న, గేటు ఇవతల మేము

అక్క: రికార్డ్ అవుతోందా? ఆఁ, ఎర్ర లైట్ వెలిగింది. హలో అందరికీ. పోయిన ఎపిసోడ్‌లో మాటల మధ్యలో మా నాన్న మమ్మల్ని రైల్వే గేటు దగ్గర వదిలేసి వెళ్లిపోయాడని అన్నాను కదా, ఇవాళ ఆ కథే. మా తమ్ముణ్ణి పిలిచాను, ఎందుకంటే ఆ రోజు కారులో నాన్నతో ఉన్నది వీడొక్కడే.

తమ్ముడు: వదిలేసి కాదక్కా, ఆపలేక వెళ్లాడు. నేను ఆయన తరఫు లాయర్ని.

అక్క: సరే లాయర్ గారూ, ముందు ఆ కారు గురించి చెప్పండి.

తమ్ముడు: నాన్న కొనేటప్పటికే మూడు చేతులు మారిన బండి అది. వెనక ఎడమ డోరు లోపల్నించి తెరుచుకునేది కాదు, అద్దం దించి చెయ్యి బయటపెట్టి హ్యాండిల్ లాగాలి. స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పితే హారన్ దానంతటదే మోగేది. ఎవరింటికైనా వెళ్తే మేం వచ్చినట్టు చెప్పక్కర్లేదు, మలుపులోనే తెలిసిపోయేది.

అక్క: పొద్దున్న పూట మాత్రం బంగారం. చోక్ లాగి ఒక్క సెల్ఫ్ కొడితే చాలు. వేడెక్కాకే దాని అసలు రంగు బయటపడేది. ఎండలో కాసేపు నడిపి ఎక్కడన్నా ఆపామా, ఇంక అంతే, మళ్లీ స్టార్ట్ అవదు. నాన్న దిగి బానెట్ ఎత్తి ఏమనేవాడు?

తమ్ముడు: "పెట్రోల్లో చెత్త వచ్చింది, ఫిల్టర్ పట్టేసింది." డిక్కీలో ఎప్పుడూ రెండు ఫిల్టర్లు స్పేర్ ఉండేవి.

అక్క: అసలు మజా అక్కడే. ఆయన తాపీగా స్క్రూడ్రైవర్ వెతికి, క్లిప్పులు లూజ్ చేసి, ఫిల్టర్ మార్చి, చేతులు తుడుచుకునేసరికి అరగంట, ఈలోపు ఇంజిన్ చల్లారేది, సెల్ఫ్ కొడితే స్టార్ట్ అయ్యేది. "చూశారా, ఫిల్టరే" అనేవాడు. మూడేళ్లు, మూడేళ్లు అదే నమ్మాడు మా నాన్న! ప్రతిసారీ ఆయన వైద్యం పనిచేసింది మరి, ఎలా కాదంటాం?

తమ్ముడు: నీ పాయింట్ నోట్ చేసుకున్నాం, ముందుకెళ్లు.

అక్క: మే నెల, మధ్యాహ్నం. 2:40 కి ట్రైన్, పెద్దమ్మ వాళ్ల ఊరికి. ఈ కారుతో పెట్టుకుంటే ఎందుకైనా మంచిదని అమ్మ గంటన్నర ముందే బయల్దేరదీసింది. స్టేషన్‌కి ఇంకో రెండు కిలోమీటర్లుందనగా గేటు పడింది. పడగానే నాన్న తాళం తిప్పి ఇంజిన్ ఆఫ్ చేశాడు, పెట్రోల్ ఆదా అని. గూడ్స్ అది, పోతూనే ఉంది, ఒక మూడు నిమిషాలు డబ్బాలే డబ్బాలు. మొత్తం పావుగంట పైనే ఆగాం. గేటు లేచింది, నాన్న సెల్ఫ్ కొట్టాడు, గుర్ర్ గుర్ర్ అంటుంది తప్ప అందుకోదు.

తమ్ముడు: ఒక్క నిమిషం, ఇది ఇప్పుడు తెలుసు కాబట్టి చెప్తున్నా. ఆ కాలం కార్బ్యురేటర్ బళ్లలో ఫ్యూయల్ పంపు ఇంజిన్‌కే అతుక్కుని ఉంటుంది. వెనక ట్యాంకులోంచి పెట్రోల్ని పీల్చుకోవాలి. ఇంజిన్ నడుస్తున్నంతసేపు చల్లటి పెట్రోల్ వస్తూ ఉంటుంది, ఫ్యాన్ తిరుగుతుంది, రేడియేటర్ నీళ్లు తిరుగుతాయి. ఆపేశామనుకో, అన్నీ ఆగుతాయి కానీ ఇంజిన్ వేడి ఎక్కడికి పోతుంది? బానెట్ కిందే ఉంటుంది, కాసేపటికి ఇంకా పెరుగుతుంది కూడా. పెట్రోల్లో తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే ఆవిరవుతాయి, పైగా పీల్చే వైపు ప్రెషర్ తక్కువ కాబట్టి ఇంకా తొందరగా. పైపులో పెట్రోల్ బదులు ఆవిరి. పంపు దాన్ని లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు.

అక్క: అంటే ఆయన ఆదా కోసం ఆపడం వల్లే...

తమ్ముడు: అభ్యంతరం. ఆ సంగతి అప్పటికి ఆయనకి తెలీదు.

అక్క: వెనక హారన్లు. నాన్న వదలకుండా సెల్ఫ్ కొట్టాడు, కొట్టగా కొట్టగా గుర్ర్ కాస్తా టిక్ టిక్ అయిపోయింది. బ్యాటరీ కూడా పోయింది. అప్పుడు వెనక లారీ డ్రైవర్ దిగొచ్చి బానెట్‌లోకి ఒక్క చూపు చూసి, "పంపు మీద తడిగుడ్డ వెయ్యండి సార్, ఆవిరి పట్టింది" అన్నాడు. అమ్మ తువ్వాలు తడిపి చుట్టాం, బాటిల్లో మిగిలిన నీళ్లు దానిమీదే పోశాం, సుయ్యిమంది. పది నిమిషాలాగి, "ఇంక తొయ్యండి" అన్నాడాయన. నేను, అమ్మ, ఆయన, ఇంకో స్కూటరాయన.

తమ్ముడు: నేను చిన్నోణ్ణని ముందు సీట్లో కూర్చోబెట్టారు. లైట్లు వెలిగాయి కాబట్టి తోస్తే స్టార్ట్ అవుతుందన్నాడాయన. నిజమే, సెల్ఫ్ మోటార్‌కి వంద యాంపియర్ల పైనే కావాలి, స్పార్క్ ఇచ్చే కాయిల్‌కి మూడో నాలుగో చాలు. సెకండ్ గేర్‌లో వేసి, స్పీడందుకున్నాక నాన్న క్లచ్ వదిలాడు, ఒక్క కుదుపు, ఇంజిన్ అందుకుంది.

అక్క: నల్ల పొగ మొత్తం మా మొహాల మీద. మేం చప్పట్లు కొడుతున్నాం, కారు పోతూనే ఉంది. నాన్న కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. రమ్మంటున్నాడా, వెళ్లొస్తానంటున్నాడా అర్థం కాలేదు. పట్టాలు దాటేశాడు.

తమ్ముడు: లోపల ఏమన్నాడో తెలుసా? "ఆపితే ఆగిపోతుంది రా, ఆపితే ఆగిపోతుంది." అదే మాట. అటువైపు చెట్టు కింద ఇంజిన్ రన్నింగ్‌లోనే ఉంచి, కాలు యాక్సిలరేటర్ మీంచి తియ్యకుండా కూర్చున్నాడు. "వచ్చేస్తార్లే, నాలుగడుగులే కదా" అన్నాడు.

అక్క: ఆ నాలుగడుగులు వేసేలోపే మళ్లీ గంట. గేటు పడింది. ఇటు మేం, అటు మీరు. టికెట్లు కారులో, సంచులు కారులో, అమ్మ చెప్పులు కూడా కారులో.

తమ్ముడు: చెప్పులా?

అక్క: అమ్మ కారెక్కగానే చెప్పులు విప్పి సీటు కిందకి తోసేస్తుంది కదా, తొయ్యాలనే తొందరలో అలాగే దిగేసింది. తారు రోడ్డు రా, మే నెల మధ్యాహ్నం. గేటు స్తంభం నీడ బెత్తెడు ఉంటే దానిమీద ఒక కాలు పెట్టి, ఇంకో కాలు ఎత్తి, కాసేపటికి మార్చుకుంటూ. గేట్‌మ్యాన్ చూడలేక గోనెపట్టా తెచ్చి వేశాడు. దానిమీద నిలబడి, ఒక్క మాట మాట్లాడకుండా అటే చూస్తోంది. మీ వైపే.

తమ్ముడు: అప్పుడే స్టేషన్ వైపు నించి ట్రైన్ వచ్చింది. నాకేం తెలుసు, ట్రైన్ కనిపిస్తే చెయ్యి ఊపడం అలవాటు, అద్దం దించి అందరికీ టాటా చెప్పాను.

అక్క: ఇక్కడ అమ్మ, "అది మన బండే" అంది. అంతే.

తమ్ముడు: నాన్న వాచీ చూసుకున్నాడు. చివరి బోగీ దాకా ట్రైన్ని చూశాడు. అప్పుడు తాళం తిప్పి ఇంజిన్ ఆఫ్ చేశాడు.

అక్క: గేటు లేచాక మేం గోనెపట్టా మడిచి ఇచ్చేసి నడుచుకుంటూ వచ్చాం. బానెట్ ఎత్తి ఉంది, డిక్కీ తెరిచి ఉంది, నాన్న చేతిలో స్క్రూడ్రైవర్. తడిగుడ్డ పంపు మీదే ఉంది, ఎండి అట్టకట్టి.

తమ్ముడు: నాన్నకి ఫోన్ కలపనా? ఆయన వెర్షన్ కూడా వింటే బావుంటుంది కదా.

అక్క: వద్దు రా బాబూ. ఫిల్టరే అంటాడు.