బెంగళూరులో బీఎస్సీ ఫిజిక్స్: ఒక్క లోలకంతో డిగ్రీ చదువు నేర్చుకుందాం

అందరికీ నమస్కారం. ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి, బెంగళూరుకొచ్చి బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరిన మన తెలుగు పిల్లల కోసం ఈ వీడియో. మొదటి ఇంటర్నల్స్ మార్కులు చూడగానే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. "ఇంటర్‌లో ఫిజిక్స్ బాగానే వచ్చేది కదా, ఇక్కడెందుకు రావట్లేదు?" అని అడుగుతారు.

మీ తెలివికేమీ కాలేదు. చదివే పద్ధతి మారాలి, అంతే. ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. సూత్రం గుర్తుకు రావాలి, విలువలు వేయాలి, ఆప్షన్ పెట్టాలి. డిగ్రీలో అడిగేవి వేరు. ఈ సూత్రం ఎలా వచ్చింది? ఎక్కడిదాకా పనిచేస్తుంది? నువ్వు కొలిచిన విలువని ఎంతవరకు నమ్మొచ్చు? ఈ మూడింటినీ మీకు బాగా తెలిసిన లఘులోలకం, అంటే దారానికి వేలాడే గుండు మీదే చూపిస్తాను. తెల్లకాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి.

సూత్రం మీకు కంఠతా వచ్చు: టి ఈక్వల్స్ టూ పై రూట్ ఎల్ బై జి. టి అంటే ఒక డోలనానికి పట్టే కాలం, ఎల్ పొడవు, జి గురుత్వ త్వరణం. ఇప్పుడు వీడియో ఆపి, నోట్స్ చూడకుండా దాన్ని రాబట్టండి.

అయిందా? గుండుని తీటా కోణం పక్కకి లాగితే దాన్ని వెనక్కి లాగే బలం ఎమ్ జి సైన్ తీటా. ఇందాకటి సూత్రం రావాలంటే సైన్ తీటా స్థానంలో ఒట్టి తీటా రాయాలి. ఈ మెట్టు దగ్గర అందరూ "కోణం చిన్నది కాబట్టి" అని ఒక ముక్క రాసేసి ముందుకెళ్లిపోతారు. అక్కడే ఆగండి. చిన్నదంటే ఎంత చిన్నది? లెక్క వేసి చూద్దాం. 10 డిగ్రీల దగ్గర ఊగిస్తే డోలనావర్తన కాలంలో వచ్చే తేడా సుమారు 0.2 శాతం. 30 డిగ్రీల దగ్గర ఊగిస్తే 1.7 శాతం. ఈ సూత్రం నుంచి జి కట్టేటప్పుడు టి వర్గం అవుతుంది కాబట్టి జి విలువలో ఆ తేడా రెట్టింపు, అంటే మూడు శాతం పైనే. ఇది పెద్దదా చిన్నదా అన్నది మీ గడియారం ఎంత బాగా కొలుస్తుందన్న దాన్నిబట్టి ఉంటుంది. పదండి, ల్యాబ్‌లోకి వెళ్దాం.

పొడవు ఒక మీటరు. 20 డోలనాలకు 40.2 సెకన్లు పట్టింది. అంటే టి 2.01 సెకన్లు. జి విలువ 9.77 వస్తుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో మన చెయ్యి 0.2 సెకన్లు అటూ ఇటూ అవుతుందనుకుందాం. 40.2లో 0.2 అంటే అర శాతం, టి వర్గం కాబట్టి ఒక శాతం. కాబట్టి రికార్డులో రాయాల్సింది 9.8 ప్లస్ ఆర్ మైనస్ 0.1. అదే 20 డోలనాలు లెక్కపెట్టకుండా ఒక్కదానికే టైమ్ చూసి ఉంటే? రెండు సెకన్లలో 0.2 అంటే పది శాతం, జిలో ఇరవై శాతం. మేడమ్ "20 డోలనాలు లెక్కపెట్టండి" అని ఎందుకంటారో ఇప్పుడు తెలిసిందిగా. పది డిగ్రీల కోణం ఎందుకు ఫర్వాలేదో, ముప్పై ఎందుకు పనికిరాదో కూడా ఇక్కడే తేలిపోయింది.

ఇంకొకటి. పొడవు గుండు మధ్య దాకా కొలవాలి. మీరు దారం వరకే కొలిచారు, గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు. అక్కడే ఒక శాతం పోయింది. కానీ ఐదారు పొడవులు తీసుకుని, టి వర్గానికీ పొడవుకీ గ్రాఫ్ గీస్తే, గీత మూలబిందువు గుండా పోదు, కొంచెం పక్కకి జరుగుతుంది. వాలు మాత్రం మారదు. మనకు జి వచ్చేది వాలు నుంచే కాబట్టి ఆ పొరపాటు జవాబుని తాకదు. పైగా ఆ జరిగిన దూరాన్ని బట్టి గుండు వ్యాసార్ధం ఎంతో చెప్పొచ్చు! గ్రాఫ్ ఎందుకు గీయమంటారో నాకు నిజంగా అర్థమైంది ఈ ఒక్క ప్రయోగంతోనే. ఇప్పటికీ ఎవరికైనా చెప్తుంటే సంతోషంగా ఉంటుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సీనియర్ల రికార్డు చూసి, జి 9.81 వచ్చేలా రీడింగులు వెనక్కి లెక్కగట్టి రాయకండి. బెంగళూరులో జి 9.81 కాదు, 9.78. మనం ఉన్నది సుమారు 13 డిగ్రీల అక్షాంశం దగ్గర. భూమి తిరగడం వల్లా, నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉండటం వల్లా జి ధ్రువాల దగ్గర 9.83, భూమధ్యరేఖ దగ్గర 9.78. దానికి తోడు ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, అందువల్ల ఇంకో 0.003 తగ్గుతుంది. మీకు నిజాయితీగా వచ్చిన 9.77, కాపీ కొట్టిన 9.81 కంటే ఎంతో విలువైనది. వైవాలో ఈ సంగతి చెప్పి చూడండి.

ఇప్పుడు ఇంటి దగ్గరో, పీజీ హాస్టల్‌లోనో చదివే తీరు. క్లాసు అయిన రోజు రాత్రే నోట్స్ మూసేసి, ఆ రోజు డెరివేషన్ మొదటినుంచి రాయండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడ ఎర్ర పెన్నుతో గీత పెట్టండి. నోట్స్ తెరిచి ఆ ఒక్క మెట్టే చూడండి, మళ్లీ మూసేయండి. పొద్దున్నే ఇంకోసారి మొత్తం రాయండి. పరీక్ష ముందు మీరు చదవాల్సింది ఆ ఎర్ర గీతలున్న చోట్లే. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ముందు తెలుగులో పైకి చెప్పుకోండి, తప్పేం లేదు. ఆ తర్వాత మాత్రం పరీక్షలో రాయాల్సిన రెండు మూడు వాక్యాలు ఇంగ్లీషులో రాసి చూసుకోండి. లెక్కల సంగతంటారా, పాక్షిక అవకలనాలు, అవకలన సమీకరణాలు, వెక్టార్ క్యాలిక్యులస్ ఈ మూడూ మొదటి ఏడాదిలోనే చేతిలోకి రావాలి. ఎలక్ట్రోడైనమిక్స్ వచ్చేసరికి వీటిని నేర్చుకునే తీరిక ఉండదు.

ఈ ఊళ్లో ఉన్నందుకు ఒక పెద్ద లాభం ఉంది, దాన్ని వదులుకోవద్దు. హైగ్రౌండ్స్ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటేరియం ఉంది కదా, అక్కడ డిగ్రీ పిల్లల కోసం రీప్ అనే కార్యక్రమం నడుస్తుంది. ఐసీటీఎస్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 'కాపి విత్ క్యూరియాసిటీ' పేరుతో అందరికీ అర్థమయ్యేలా ప్రసంగాలు పెడతారు. ఐఐఎస్సీలో ఏడాదికోసారి ఓపెన్ డే ఉంటుంది, ల్యాబుల్లోకి వెళ్లి పరిశోధన చేసేవాళ్లనే నేరుగా అడగొచ్చు. సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కి ఎప్పుడు పిలుస్తారో మీ హెచ్ఓడీని ముందే అడిగి పెట్టుకోండి. మొహమాటపడొద్దు, అడిగితే చెప్తారు.

ఐఐటీల్లాంటి చోట్ల ఎమ్మెస్సీకి వెళ్లాలనుకునేవాళ్లకి జామ్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. మూడు గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో ఒక భాగానికి ఆప్షన్లే ఉండవు, వచ్చిన సంఖ్యని మీరే టైప్ చేయాలి. ఎలిమినేషన్ పద్ధతి అక్కడ నడవదు. కాబట్టి ఇప్పటినుంచే ప్రతి లెక్కకీ జవాబు వచ్చాక యూనిట్లు సరిపోయాయా, పొడవు సున్నా చేస్తే ఏమవుతుంది, జి పెంచితే ఏమవుతుంది అని చూసుకునే అలవాటు చేసుకోండి.

ఈ వారం పని: దారం పొడవు 60 సెంటీమీటర్ల నుంచి 120 దాకా, పది పది పెంచుకుంటూ రీడింగులు తీయండి. గ్రాఫ్ గీసి, వాలు నుంచి జి, అక్షాన్ని తాకిన చోటు నుంచి గుండు వ్యాసార్ధం కట్టండి. తర్వాత వెర్నియర్‌తో గుండుని కొలిచి పోల్చండి. వచ్చే వీడియోలో అవరుద్ధ డోలనాలు, అంటే ఊగుడు క్రమంగా తగ్గిపోయే డోలనాలు చేద్దాం.